కంచరివీధిలోని చివరియిల్లు

శరదృతువు ప్రవేశించి పదిదినములైనను గాకమునుపే జయంతిపురము వానకారు మాలిన్యమునెల్ల గడిగికొని యుదికి యారవేసిన చేలమువలె మెఱయుచుండెను. మేఘనిర్ముక్తమగు గగనము నీలమణికుట్టిమమువలె నొప్పారుచుండ, ఏటియొడ్డున విరియబూచిన ఱెల్లుదుబ్బులు చామరములవలె గాలికి దూగుచుండ ప్రాతకోట బురుజులపై బాలాతపము కుంకుమరాగమును బూయుచుండ, పాలకుండలు నెత్తికెత్తికొన్న గొల్లభామలును గచేరికి బోవు గుమాస్తాలును నెదురెదురై యొకరినొకరు దప్పించుకొని నడచుచుండిరి. మహానగరమనుటకు గొంచెము కొఱతయు గ్రామమనుటకు మిక్కిలి యాధిక్యమును గల యా పట్టణమున బదునాలుగు వీధులు గలవు. ఏ వీధిలో నెవరు తుమ్మినను మధ్యాహ్నమగునప్పటికి దక్కిన పదుమూడు వీధులకును దెలియును.

అట్టి పట్టణమునకు న్యాయస్థానమున తర్జుమాదారుగా బదిలీయై వచ్చిన ఓగిరాల భుజంగరావు ఎనిమిది దినములనుండి యద్దెయింటికై తిరుగుచుండెను. ముప్పదియైదేండ్ల ప్రాయము, జరీయంచు తలపాగా, వెండిపొన్ను చేతికఱ్ఱ, మాటలో మార్దవము. చూచినవారెల్ల పెద్దమనిషియని తలయూపదగిన విగ్రహము. ఆఱవనెల గర్భవతియగు భార్య కనకవల్లిని సత్రమునందుంచి కచేరి బంట్రోతు దాలినాయుడు త్రోవజూప నాతడు దినమున కొక పేటను గాలించుచుండెను. ఇల్లు చూచుట కాతనికి గడియ చాలును గాని యిరుగుపొరుగులను గూర్చి ప్రశ్నించుటకు జామైనను జాలదు. ప్రక్కయింటివా రెట్టివారు? కలహప్రియులా? ఆపద గలిగి పిలిచినచో బలుకుదురా, గడియ బిగించుకొందురా? ఈ కడపటి ప్రశ్న నాతడు ప్రతివీధిలోను నడిగెను. కోటవీధిలో మేడలున్నవి గాని యిరువదియేండ్లుగా నొకరి గడప నొకరు ద్రొక్కినవారు లేరు. తోటపేటలో నీడయు జలువయు గలవు గాని నూతికడ నిత్యకలహము. పడమటివీధి వారు పిలువకపూర్వమే పలుకుదురు గాని పలికినదెల్ల పరనింద.

ఎనిమిదవ దినమున దాలినాయుడు విసిగి చేతనున్న గొడుగును మడిచెను.

"బాబూ, నచ్చిన ఇల్లు లేకపోతే కట్టించుకోవొచ్చు. పొరుగోలిని ఎక్కడినుంచి కట్టించి తేగలమండి?" అనెను.

భుజంగరావు నవ్వలేదు. అతని గృహమున నైదుమాసములనుండి నవ్వు నడుగంటియుండెను. కనకవల్లి యన్నము వడ్డించును, వస్త్రముల మడిచిపెట్టును, అడిగినదానికి బదులు చెప్పును. భర్త ముఖమును జూచి మాత్రము మాటలాడదు. మంచి యిరుగుపొరుగుల నడుమ నామెను నిలిపినచో నా మౌనము దానంతటదియే కరగునని యాతడు నమ్మియుండెను.

తొమ్మిదవ దినమున దాలినాయు డాతని గంచరివీధికి గొనిపోయెను. ఉదయము మొదలు సాయంకాలమువఱకు రాగిరేకులపై సమ్మెటలు పడుచుండ నా వీధి యెల్లప్పుడు నేదో యుత్సవము జరుగుచున్నట్లుండును. వీధినడుమ జాజిపందిరి గల పెంకుటింట పేరిందేవమ్మయను నఱువదియేండ్ల విధవరాలు సగభాగమున దాను గాపురముండి సగభాగము నద్దెకిచ్చుచుండెను. ఆమె యాతనిని సాదరముగా నరుగుపై గూర్చుండబెట్టెను. గదులు విశాలములు, నూతినీరు మధురము. భుజంగరావు తన యలవాటు చొప్పున నడుగదలచినదానినే యడిగెను.

"మా ఇంటావిడ ఒట్టిమనిషి కాదమ్మా. వేళగాని వేళ ఆపదొస్తే ఈ వీధివాళ్లు పలుకుతారా?"

"ఈ మోతలో తలుపు గట్టిగా కొట్టకపోతే వినపడదు నాయనా. కొట్టాక మాత్రం తీయనివాడు ఈ వీధిలో లేడు," అని యామె నవ్వెను. "మీదే ఊరు?"

"శ్రీపాదపురంనుంచి వచ్చామండి. అగ్రహారం వెనకవీధిలో ఉండేవాళ్లం."

పేరిందేవమ్మ ముఖమున నవ్వు నిలిచిపోయెను. "మా చెల్లెలు అలివేలమ్మ ఆ వీధిలోనే ఉండేది. మొన్న వైశాఖంలో పోయింది. కూతుర్ని నేనే తెచ్చుకున్నాను. మా చెల్లెల్ని ఎరుగుదురా బాబూ?"

భుజంగరావు తలపాగా సవరించుకొనెను. "లేదండీ. ఎరగను," అనెను.

ఎఱుగకేమి? నడుమ నొక గోడయే యడ్డముగా నలివేలమ్మ ప్రక్కన నాతడు నాలుగేండ్లు కాపురముండెను. విస్తళ్లు కుట్టి యొక్కగానొక్క కూతురిని బోషించుకొను నా విధవరాలు కనకవల్లికి దొలిచూలు పోయిన దినములలో ఇరువది రాత్రులు కూర్చుండి కాళ్లకు నూనె రాచి కాచిపోసిన గంజిని జెంచాతో నోటబోసి బ్రదికించినది. అట్టి యామెకు వైశాఖమాసమున నొక మిట్టమధ్యాహ్నము వాంతులు భేదులు పట్టి విషూచి తగిలెను. వైద్యశాల క్రోశెడు దూరమున నుండెను. ఆ వీధిలో బండి గలవాడు భుజంగరావొక్కడే. పండ్రెండేండ్ల కూతురు మంగతాయి నిప్పులవంటి యిసుకలో జెప్పులులేని కాళ్లతో బరుగెత్తివచ్చి తలుపు తట్టి బండి యిమ్మని యేడ్చెను. కనకవల్లి యప్పుడే నెల దప్పియుండెను. రోగము బండినంటి యింట బ్రవేశించునేమోయని యాతడు భయపడెను. భయము మనుష్యధర్మము, దానిని లోకము క్షమించును. కాని యాతడు తలుపు తీసి నా భయమిది యని చెప్పజాలక గడియపై జేయివేసి నిలిచి బండి పొరుగూరు పోయినదని చెప్పుమని భార్యకు సైగచేసెను. ఆమె తలుపువెనుకనుండి యట్లే చెప్పెను. చెప్పిన యుత్తరక్షణముననే కొట్టములోని యెద్దు తలయాడింపగా దాని మెడలోని గంట గణగణమని మ్రోగెను. వెలుపల నేడుపు చటుక్కున నాగెను. పిమ్మట జిన్నపాదముల చప్పుడు మెల్లగా దూరమయ్యెను. సాయంకాలమునకు నలివేలమ్మ మరణించెను. బండి యిచ్చియున్న బ్రదికెడిదో లేదో దైవమునకే తెలియును. ఆ నెలలోనే యాతడు బదిలీకి దరఖాస్తు పెట్టుకొనెను.

ఇదియంతయు నాతని మనస్సున గదలియాడుచుండగనే లోపలినుండి మజ్జిగలోటాతో మంగతాయి వెలువడెను. గడప దాటుచు నాతనిని జూచి నిలిచిపోయెను. లోటాలోని మజ్జిగ మాత్రము తొణికెను.

"మంగతాయీ, వీరు మీ అగ్రహారం వెనకవీధివారేనట. ఎరుగుదువా అమ్మా?" అని పేరిందేవమ్మ యడిగెను.

ఆ బాలిక యాతని ముఖమును నిదానముగా బరికించెను. "ఎరగను పెద్దమ్మా," అని లోటా నరుగుపై బెట్టి లోనికి బోయెను.

ఆ పిల్ల తిట్టియున్న నాతడు సమాధానము చెప్పికొనియుండును, ఏడ్చియున్న నోదార్చియుండును. ఎఱుగనన్నమాటకు బ్రత్యుత్తరమేమి? తానాడిన యబద్ధమునే యది తిరిగి తన చేతికిచ్చినట్లుండెను. మజ్జిగ ముట్టక యాతడు లేచి మోత యెక్కువగా నున్నదని గొణిగి వీధిలో బడెను. ఆతని నడక జూచి దాలినాయుడు వెంటబరుగెత్తవలసివచ్చెను.

"ఏటైంది బాబూ? ఇల్లు నచ్చినాదని కదా అనుకున్నాను!" అని యాతడు వెనుకనుండి కేకవేసెను.

సత్రమున గనకవల్లి కిటికీకడ గూర్చుండియుండెను. ఆ వీధి మనకు బనికిరాదు, కోటవీధిలో నింటికే బయానా యిచ్చెదనని భర్త చెప్పినప్పు డామె యాతని చేతుల వంక జూచెను. అవి చేతికఱ్ఱను దలక్రిందులుగా బట్టియుండెను.

"అక్కడ ఎవరున్నారు?" అని యామె యడిగెను. ఐదుమాసముల పిమ్మట నాతని కన్నులలోనికి జూచి యడిగిన మొదటి ప్రశ్న యదియే.

ఆతడు గోడకు జేరగిలబడి జరిగినదెల్ల జెప్పెను; ఎఱుగనని తానన్నమాటయు దాచలేదు. కనకవల్లి విని లేచి చెఱగు భుజముపై గప్పికొనెను.

"పదండి."

"ఎక్కడికి?"

"ఆ ఇంటికే. అనమన్నది మీరు, అన్నది నా నోరు. మా అమ్మ కూడా చెయ్యనంత చాకిరీ చేసింది నాకు అలివేలమ్మగారు. ఆ గంట మోగాక ఆ పిల్ల ఒక్కమాటైనా అనకుండా వెళ్లిపోయింది చూశారా, ఆనాటినుంచి ఈ నోటికి అన్నం సయించడం లేదు."

"చెప్పినందువల్ల పోయినావిడ తిరిగి వస్తుందా?"

"రాదు. చెప్పకపోతే మాత్రం వస్తుందా?"

అపరాహ్ణమున దంపతులిరువురును బేరిందేవమ్మ యరుగుముందు నిలిచిరి. కనకవల్లియే చెప్పెను. నడుమ రెండుమాఱు లామె యాగగా భుజంగరావు తలవంచుకొని మిగిలినది పూరించెను. అట్లనుమన్నవాడను నేనని చెప్పునప్పుడు తన స్వర మాతనికే పరాయిదిగా వినబడెను. బండి దొరకలేదని తప్ప మంగతాయి పెదతల్లికి బేరొకమాట చెప్పియుండలేదు. కావున నా వృద్ధురాలి కది నేడు చెవినిబడిన సంగతి. ప్రక్కకొట్టులలో సమ్మెటలు పడుచునేయుండెను.

"ఇల్లు మీకు ఇవ్వలేనమ్మా," అని తుద కామె పలికెను. "నాకంత పెద్దమనసు లేదు. పొద్దున్నే లేచి మీ ముఖాలు చూసి మా అలివేలును తలుచుకోకుండా ఉండలేను." అని కనకవల్లి గర్భమును జూచి గొంతు దగ్గించి "ఎన్నో నెల?" అనెను.

"ఆరోనెలండి."

"వీధి చివర పైడయ్య కంచరి ఇల్లు ఖాళీగా ఉంది. వీధి నాది కాదు కదా, మిమ్మల్ని ఉండొద్దనడానికి. నొప్పులొస్తే కబురు పెట్టు. కడుపులో బిడ్డ ఏం చేసింది?"

ఆ మాటకు భుజంగరావు శిరస్సు మఱింత వంగెను. నిందకు సిద్ధపడి వచ్చినవానికి నింద భారము గాదు. తలుపుచాటున నిలిచిన మంగతాయిని జూచి యాతడు పొద్దుటినుండి తన్ను దొలుచుచున్నదాని నడిగెను.

"నన్ను ఎరగనని ఎందుకన్నావు తల్లీ?"

"ఎరుగుదుననుకునే మీ తలుపు కొట్టానండి. ఎరగనని ఆరోజే తెలిసింది," అని యా బాలిక మెల్లగా బలికెను. అందు గోపము లేదు.

త్రోవలో భుజంగరావు మఱల గోటవీధి ప్రసంగము దెచ్చెను. దినదినమా గుమ్మముముందు నడచుట నావలన గాదనెను.

"ఇంకెక్కడికి పోయినా అందరూ మనల్ని మంచివాళ్లనే అనుకుంటారు. ఆ మర్యాద నేను మోయలేను. మనమెవరమో తెలిసిన గుమ్మం ఒక్కటైనా ఉన్నచోటే ఉందాం," అని కనకవల్లి నిలిచి పలికెను. ఆతడు పైడయ్య యింటివైపు దిరిగెను.

వారు చివరియింట బ్రవేశించిరి. పుష్యమాసమున గనకవల్లికి నొప్పులెత్తగా గబురందిన గడియకు బేరిందేవమ్మ కట్టుబట్టలతో వచ్చి చంటిదానిని దన చేతులతో నందుకొని స్నానము చేయించి తల్లి ప్రక్కన బరుండబెట్టి కాఫీచుక్కయైన ముట్టక వెడలిపోయెను. అటుపిమ్మట సంవత్సరములు దొరలెను. వీధిలో నెవరికే కష్టము వచ్చినను బిలుపునకు ముందే భుజంగరావు నిలుచుండెను. సమ్మెట చేయిజాఱి వ్రేళ్లు నలిగిన కంచరిని దన చేతులపై మోసికొనిపోయెను. మశూచి సోకిన యింట మూడువారములు తానే నీరు చేదిపోసెను. పుణ్యము చేయుచున్నానని యాతడొక్కనాడును దలపలేదు. ప్రతి సాయమును మించిపోయిన గడువునకు బిమ్మట గట్టిన శిస్తువలె నాతనికి దోచుచుండెను. మంగతాయి పెరిగి పెండ్లియై యత్తవారింటికి బోవునప్పు డింటింటను సెలవు గైకొనుచు వచ్చి చివరియింటి గుమ్మమున నిలిచి కనకవల్లిచేత బొట్టు పెట్టించుకొనెను. భుజంగరావునకు నమస్కరించెను గాని మాటలాడలేదు.

పండ్రెండేండ్లయిన పిదప నొక సాయంకాలము పట్టణమునకు గ్రొత్తగా వచ్చిన యుపాధ్యాయుడొకడు ఇల్లు వెదకికొనుచు గంచరివీధికి వచ్చి యిరుగుపొరుగు లెట్టివారని పైడయ్య కంచరి నడిగెను.

"ఆ సివరింట్లో బుజంగరావు బాబున్నారండి. ఆయనున్న ఈదిలో మీకేటి బయం? ఆయన మొకం చూసే ఈ ఈదిలో దిగినోళ్లున్నారు," అని పైడయ్య సమ్మెట దింపి చేయెత్తి చూపెను.

అప్పుడే కచేరినుండి వచ్చుచున్న భుజంగరావు జాజిపందిరి ప్రక్కన నా మాట విని యడుగు ముందునకు వేయలేక నిలిచిపోయెను. అరుగుపై దల నెరసి నడుము వంగిన పేరిందేవమ్మ కూర్చుండియుండెను. ఉపాధ్యాయుడు పెద్దలమాటయు వినవలయునని యామెవైపు దిరిగెను.

"నిజమేనా అమ్మా?"

ఆమె భుజంగరావును జూచెను.

"ఇప్పుడు నిజమే నాయనా," అనెను.

ఉపాధ్యాయునకు నిజమన్నమాటయే వినబడెను; సంతోషించి యింటి బేరమునకు బోయెను. భుజంగరావునకు నిప్పుడన్న మొదటిమాట మాత్రమే వినబడెను. వీధి యంతయు దన్ను గొనియాడినను జెరగని యొక్క మధ్యాహ్న మా చిన్నమాటలో నిలిచియున్నదని యెఱిగి యాతడు తలపాగా తీసి చేతబట్టుకొని యా యరుగుముందు వంచిన తలతో నడచిపోయెను. మంచి పొరుగును వెదకుచు లోకము వీధివీధియు దిరుగును. తాను పొరుగైనచోట నెట్లుంటినని వెనుదిరిగి యడుగుకొనువానికి మాత్రము సిగ్గే గృహము, సిగ్గే గృహదీపము.