థర్మన్ సార్ క్లాసులో నిద్ర

మా హైస్కూల్లో పిల్లల్ని నిద్రపోనిచ్చే క్లాసు ఒక్కటే ఉండేది. అది చరిత్ర చెప్పే థర్మన్ ఎస్టెప్ క్లాసు. వెస్ట్ వర్జీనియా కొండల్లో, గనులు మూతబడ్డ మా లోయలో, పిల్లలు ఇంటి దగ్గర కంటినిండా నిద్రపోతారని ఎవరూ అనుకోరు. ఒకడు రాత్రంతా చంటి తమ్ముడికి పాలు కలుపుతాడు. ఒకతె తల్లి ఇంటికొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటుంది. అలాంటివాళ్లు బల్లమీద తలవాల్చారంటే థర్మన్ గొంతు తగ్గించేవాడు. అంతర్యుద్ధం కూడా అతని క్లాసులో గుసగుసలతోనే జరిగిపోయేది.

నేను ఆ బడికి నర్సుని, పేరు జెల్లా. థర్మన్, నేనూ ఇదే బడిలో కలిసి చదువుకున్నాం. కాబట్టి అతన్ని తిట్టే హక్కు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

"జీతం తీసుకుని జోల పాడుతున్నావు కదరా," అనేదాన్ని.

"పాఠమేముంది, రేపైనా చెప్పుకోవచ్చు. వీళ్లకి నిద్ర ఇంకెక్కడ దొరుకుతుంది జెల్లా?" అనేవాడు.

ఆఫీసు పక్క గోడకి ఒక తెల్ల డబ్బా ఉండేది. అందులో రెండు స్ప్రేలు. అసలు పేరు నలోక్సోన్, మా లోయలో అందరూ ముక్కు మందు అంటారు. మత్తు మాత్రలు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషి ముక్కులో కొడితే ఊపిరి తిరిగొస్తుంది. మా దగ్గర కొన్ని ఇళ్లల్లో అది ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. నొప్పి మాత్రలంటూ చేతులు మారే నకిలీ బిళ్లలు సగం ముక్క వేసుకున్నా మనిషి పోతాడు మరి. బడిలో ఆ డబ్బాకి తాళం వెయ్యాలని బోర్డు పెద్దలు పట్టుబట్టారు. తాళంచెవి వెతికేలోపు బిడ్డ పోతే మీలో ఎవరొచ్చి ఏడుస్తారని నేను నిలదీసి ఆ తాళం మానిపించాను.

బడి తెరిచేముందు టీచర్లందరికీ ఆ మందు వాడడం నేర్పించారు. జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన రబ్బరు బొమ్మను చంకలో పెట్టుకొచ్చి అరగంటలో అయిందనిపించాడు. పెదాలు నీలమైతే, ఊపిరి లేకపోతే, పలకరిస్తే పలక్కపోతే వాడండి అన్నాడు. ఆ రోజు బొమ్మ ముక్కులో థర్మన్ మందు కొట్టినంత చక్కగా ఇంకెవరూ కొట్టలేదు. "ఇన్నాళ్లకి నాకో బుద్ధిమంతుడు దొరికాడు, ఎదురు మాట్లాడడు," అంటూ బొమ్మ తల నిమిరాడు. అందరం పగలబడి నవ్వాం.

వేలన్ అనే పిల్లాడు కూడా థర్మన్ దగ్గరే చదివేవాడు. పదహారేళ్లవాడు, పొడుగ్గా, ఎముకలు లెక్కపెట్టేలా ఉండేవాడు. తల్లి ఎక్కడుందో ఎవరికీ తెలియదు, తండ్రి ఏ జైల్లో ఉన్నాడో అందరికీ తెలుసు. పెంచింది నాయనమ్మ ఆర్డిత్. ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు, ముక్కుకి ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టం. రాత్రిళ్లు ఆయాసం ఎక్కువైతే వేలన్ లేచి, సిలిండర్ మార్చి, ఆమె వీపు రాస్తూ కూర్చునేవాడు. తండ్రి బతుకు చూసినవాడు కనుక మత్తు మాత్రల మాటెత్తితేనే లేచి వెళ్లిపోయేవాడు.

ఒక వారం వాడికి పన్ను సలుపు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే దవడ వాచిపోయి నా గదికొచ్చాడు.

"నర్సమ్మా, ఏదో ఒక మాత్ర పడేద్దురూ."

"ఇంటివాళ్ల అనుమతి లేకుండా తలనొప్పి బిళ్ల కూడా ఇవ్వకూడదురా. ఉండు, మీ నాయనమ్మకి ఫోన్ చేస్తా."

"వద్దొద్దు! తెల్లారాక ఇప్పుడే కునుకు పట్టింది ఆవిడకి. లేపకండి."

మంచుముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. "పళ్ల డాక్టరు ఎప్పుడు?"

"గురువారం."

"అందాకా ఆ వైపు నమలకు."

"మా ఇంట్లో నమిలేవి ఏమున్నాయి నర్సమ్మా, ఉడకబెట్టిన బీన్సేగా," అని నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. మంచు బుగ్గకి ఆనించుకుని క్లాసుకి వెళ్లిపోయాడు.

ఆ రోజే మధ్యాహ్నం భోజనాలకి ముందు మగపిల్లల బాత్రూం నుంచి కేకలు వినిపించాయి. డబ్బా లాక్కుని పరిగెత్తాను. జారెట్ అనే కుర్రాడు నేలమీద పడి ఉన్నాడు, పెదాలు నీలంగా. వేలన్‌కి చిన్నప్పటి నుంచీ జతగాడు. తల వెనక్కి వంచి ముక్కులో మందు కొట్టాను. నోట్లోకి ఊపిరి ఊదుతూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మైకులో ప్రిన్సిపాల్ గొంతు వినబడింది. ఎవరూ గదులు దాటొద్దు, టీచర్లు తలుపులు వేసి గడియ పెట్టుకోండి. అంబులెన్సుకి దారి ఖాళీగా ఉండాలని, పడిపోయిన పిల్లాణ్ణి తోటివాళ్లు గుంపుకట్టి చూడకూడదని మా బడి పద్ధతి.

జారెట్‌కి ఒక్కసారిగా ఊపిరొచ్చింది. దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, లేచి కూర్చుని నన్ను బూతులు తిట్టాడు. తిట్టనీ, బతికున్నవాళ్లేగా తిట్టేది అనుకున్నాను.

"నీతోపాటు ఇంకెవరైనా వేసుకున్నారా? చెప్పు నాన్నా," అని అడిగాను.

బడికి కాపలా ఉండే పోలీసు గుమ్మంలో నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడు. జారెట్ అతని వంక చూసి, తల అడ్డంగా ఊపాడు.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ని లోపలికి తోస్తుంటే జారెట్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మొహాన ఉన్న మాస్కు పక్కకి లాగాడు.

"నర్సమ్మా, పోలీసుకి చెప్పకు. వేలన్‌కి సగం ఇచ్చా. పన్ను నొప్పికి తట్టుకోలేకపోతున్నాడని. మామూలు నొప్పి మాత్రేననుకున్నా, ఒట్టు. వాడికీ అలాగే చెప్పా."

అంబులెన్సు వాళ్లని నా వెనకాల రమ్మని కేకేసి, ఆ పొడుగాటి వరండాలో పరిగెత్తాను. డబ్బాలో రెండో స్ప్రే అలాగే ఉంది. థర్మన్ గది తలుపు బాదాను. గడియ తీసిన చప్పుడైంది. థర్మన్ తలుపు కొంచెమే తెరిచి, పెదాలమీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగా జెల్లా. ఇందాకటిదాకా ట్రాక్టరులా గురక పెట్టాడు, పిల్లలు ఒకటే నవ్వు. ఇప్పుడే సర్దుకుని హాయిగా పడుకున్నాడు."

లైట్లు తీసేసి ఉన్నాయి. పిల్లలందరూ ఒకణ్ణి లేపకూడదని నోళ్లు మూసుకుని కూర్చున్నారు. కిటికీ పక్క బల్లమీద వేలన్ తలవాల్చి ఉన్నాడు. భుజాలమీద థర్మన్ గోధుమరంగు కోటు, మెడదాకా కప్పి ఉంది.

కోటు లాగేశాను. వాణ్ణి నేలమీదికి దించి రెండో మందు కొట్టాను. ఊపిరి ఊదాను, గుండె నొక్కాను. "రా నాన్నా, రా, నీ గురువారం ఇంకా రాలేదు," అని ఏదేదో అరిచాను. అంబులెన్సు వాళ్లొచ్చి నన్ను పక్కకి నెట్టి మళ్లీ మందిచ్చారు, మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. బల్లమీద మంచు కరిగిన తడిగుడ్డ అలాగే ఉంది. వేలన్ తిరిగి రాలేదు.

అలాంటి గురక నిద్ర కాదని, ఊపిరి అందక కొట్టుకోవడమని ఆ రబ్బరు బొమ్మ తెచ్చినాయన తర్వాత ఫోన్లో తీరిగ్గా చెప్పాడు. ఆ అరగంటలో ఆ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు పడిపోయిందా అని అరిచి ఫోను పెట్టేశాను. ఆ అరుపు ఎవరికి పనికొచ్చింది?

థర్మన్ బడికి రావడం మానేశాడు. అంత్యక్రియల్లో కూడా చర్చి వెనక గోడకి ఆనుకుని నిలబడి, ఎవరూ పలకరించకముందే వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకోవడానికి వచ్చాడు. ఆ సంగతి లోయలో ఎలా తెలిసిపోయిందో, అదే రోజు ఆర్డిత్ వచ్చింది. ముక్కుకి గొట్టం, వెనకాల చక్రాల బండిమీద సిలిండర్, చేతిలో ఇస్త్రీ చేసిన కోటు. వరండా సగం నడిచేసరికే ఆయాసంతో ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని ఆ గదికి నేనే తీసుకెళ్లాను.

"అంబులెన్సులో వాడికి ఇదే కప్పారట, ఆసుపత్రి వాళ్లు వాడి బట్టలతో కలిపి ఇచ్చేశారు. ఉతికాను బాబూ," అంది.

థర్మన్ కోటు అందుకోలేదు. "పక్కనే ఉన్నాను పెద్దమ్మా. లేపలేదు. గురక పెడుతుంటే నవ్వుకున్నాను కూడా. నన్ను తిట్టండి, నాలుగు తన్నండి."

"నువ్వెలా లేపుతావు? నేనేగా చెప్పి పంపాను. రాత్రంతా నాతో మేలుకున్నావు, ఆ సార్ క్లాసులో కాసేపు పడుకోరా, ఆయనేమీ అనడు అని." ఆమె ఊపిరి కూడదీసుకుంది. "అలాగని నీమీద కోపం లేదనుకోకు. ఉంది. నామీద ఉంది, ఆ జారెట్ గాడిమీద ఉంది, పైనున్నాయన మీద అందరికంటే ఎక్కువుంది. కానీ నువ్వు వెళ్లిపోతే మిగతా పిల్లలు ఎక్కడ పడుకుంటారు?"

థర్మన్ కోటు అందుకుని, అందులో మొహం దాచుకుని ఏడ్చాడు. అతన్ని అంతగా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆర్డిత్ ఏడవలేదు. వేలన్ బల్ల ఏదో చూపించమని అడిగి, దాని దగ్గర కూర్చుని, కిటికీలోంచి ఏమేం కనబడతాయో చూసింది.

థర్మన్ మళ్లీ పాఠాలు మొదలుపెట్టాడు, కానీ పాత థర్మన్ రాలేదు. ఎవరి తల వాలినా పరిగెత్తుకెళ్లి భుజాలు పట్టి కుదిపేసేవాడు. "లే! కళ్లు తెరువు! పేరు చెప్పు!" టెస్సా అనే పిల్ల, తల్లి ఇంటికొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చునే ఆ పిల్లే, ఒకరోజు అలా ఉలిక్కిపడి లేచి వెక్కి వెక్కి ఏడ్చింది. థర్మన్ కూడా బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వీడిక ఎన్నాళ్లో ఉండడని నాకు భయం పట్టుకుంది.

ఇప్పుడు ప్రతి గదిలోనూ ముక్కు మందు డబ్బా పెట్టారు. గడువు తేదీలు చూసుకోవడం నా పని. వారం తర్వాత ఆ పనిమీదే థర్మన్ గదికి వెళ్లాను. లైట్లు తగ్గించి ఉన్నాయి. గొంతు తగ్గించి పాఠం చెబుతున్నాడు. నలుగురైదుగురు తలలు వాల్చి పడుకున్నారు. ప్రతివాళ్లూ ఒక చెయ్యి బల్ల బయటికి చాచి, అరచెయ్యి పైకి పెట్టారు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో నాకు చెప్పలేదు. పిల్లలే అయ్యుంటారు.

థర్మన్ పాఠం ఆపకుండా బల్లల మధ్య నడుస్తున్నాడు. టెస్సా దగ్గర ఆగి, ఆమె అరచేతిలో వేలు పెట్టాడు. ఆ పిల్ల కళ్లు తెరవకుండానే వేలు గట్టిగా నొక్కింది.

"ఉన్నాను సార్," అంది నిద్రలో.

పక్క బల్ల దగ్గర ఆగాడు. "ఉన్నా సార్." ఆ వెనక బల్ల. "ఉన్నాను." అలా ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ కిటికీ దగ్గరికి చేరాడు. వేలన్ బల్ల ఖాళీగా ఉంది. అక్కడ కూడా థర్మన్ చెయ్యి కిందికి చాచాడు. మిగతావాళ్ల దగ్గర ఆగినంతసేపూ అక్కడా ఆగాడు. పాఠం ఆగిపోయింది. మేలుకున్న పిల్లలందరూ తలలు వంచుకున్నారు.

నేను డబ్బా చూడకుండానే, పిల్లలు లేవకుండా తలుపు మెల్లగా వేసి వచ్చేశాను.