ముప్పై ఒక్క సంతకాలు

నా భార్య సీతాలు పోయినప్పుడు నేను పక్కన లేను. ఆ రోజు నన్ను భువనేశ్వర్ కోర్టు వరండాలో కూర్చోబెట్టింది ఢిల్లీ పోలీసులే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

రాష్ట్రాలు దాటి తిరిగే ముఠాలను పట్టడానికి కేంద్రం పెట్టిన పోలీసులు వాళ్లు. రెండేళ్ల కిందట ఒడిశాలోని మా ఊరు మార్కండి ఒడ్డున వైకుంఠరావు అనే బోటు యజమానిని బోటుతో సహా పట్టుకున్నారు. ఐసు కింద చేపలు లేవు, ముప్పై ఒక్క గంజాయి మూటలున్నాయి. వాటికి లక్క సీలు వేశారు. ఒక్కో మూట మీది చీటీ మీద ఊరివాడొకడు సాక్షి సంతకం చేయాలట.

"సంతకం వచ్చినవాళ్లు ఎవరు?" అని అడిగాడు ప్రకాష్ అనే అధికారి. తెలుగువాడే.

అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. లుంగీకి వేళ్లు తుడుచుకుని ముందుకు నడిచాను.

"తప్పుకోండర్రా, కలెక్టరుబాబు ఎల్తన్నాడు" అన్నాడు పక్కింటి కూర్మయ్య.

ముప్పై ఒక్క సంతకాలూ ఒక్కలాగే వచ్చాయని ఇంటికి వెళ్లి సీతాలుకు గొప్పగా చెప్పాను కూడా.

తర్వాత సమన్లు మొదలయ్యాయి. ఛత్రపూర్‌లో రైలెక్కడం, వాయిదా పడిందంటే తిరిగి రావడం. ఒకసారి జడ్జి సెలవు. ఒకసారి లాయరుకు జ్వరం. ఒకసారి మూటలే తేలేదు. ఇంకోసారి ఎందుకో కూడా చెప్పలేదు.

ఐదో సమను వచ్చేనాటికి సీతాలుకు ఆయాసం. వెళ్లనన్నాను.

"ఆడు బయటికొచ్చేస్తే మనూరి పిల్లలకే అమ్ముతాడు మావా. సంతకం నీదే కదా? ఎల్లి సెప్పేసి రా. కూర్మయ్యన్నయ్య ఉన్నాడు, నాకేటవుద్ది?"

వెళ్లాను. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఢిల్లీ నుంచి ఏదో కాగితం రాలేదని పంపేశారు. స్టేషన్లో ఉండగా కూర్మయ్య ఫోను చేశాడు.

"బావా, బరంపురం ఆసుపత్రికి తీసుకెల్తంటే దారిలోనే..."

పన్నెండో రోజు భోజనాలు వడ్డిస్తుండగా ప్రకాష్ ఆరో సమను పట్టుకొచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నీలకంఠం గారూ, మీరు రాకపోతే వైకుంఠరావు బయటికి వచ్చేస్తాడు."

"ఆడి మీద నాకంత కోపం లేదు బాబూ. మీ మీదే ఉంది."

అతను తల దించుకున్నాడు. అది నాకు చాలలేదు.

అయినా వెళ్లాను. వెళ్లమన్నది సీతాలు. ఈసారి మూటలు వచ్చాయి. వైకుంఠరావు లాయరు ఒక్కో చీటీ నా ముఖం ముందు పెట్టి, ఇది మీదేనా అని అడిగాడు. ముప్పై ఒక్కసార్లు "నాదే" అన్నాను. వైకుంఠరావుకు పన్నెండేళ్లు పడ్డాయి.

నెల తిరక్కుండా ప్రకాష్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో సమను కాదు, రంగు కార్డు.

"మా ఆఫీసులో మీకు సన్మానమండీ. శాలువా కప్పుతారు. ఈ కేసు గురించి మీరు రెండు మాటలు మాట్లాడితే చాలు."

"మాటలైపోనాయి బాబూ. ఎల్లు."

కార్డు గుమ్మం మీద పెట్టి వెళ్లాడు. దాని మీద ఉప్పుచేపలు ఆరబెట్టాను. మీతో ఇది చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక ఎవరడిగినా చెప్పను.