ఆఫీసుకు కట్టిన గుర్రం

నోటీసుబాబుకి పొద్దున్నే మూడు పనులు. ఆఫీసు తాళం తీయడం, జిగురు డబ్బాలో నీళ్లు కలపడం, ఫోనెత్తి తిట్లు తినడం. మూడోదానికే ఎక్కువసేపు పడుతుంది. రోడ్డెక్కిన పశువుల విభాగం అంటే ఒక గది, ఒక వరండా, ఆయన, అటెండరు పిన్ని. అంతే. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకీ ఒకటి ఉండే ఉంటుంది. కానీ కనిపించిన కట్టుకొయ్యకల్లా నోటీసు అంటించుకుంటూ తిరిగే మనిషిని జనం ఇంకేమని పిలుస్తారు?

రూలు ఏమిటంటే, పెద్దరోడ్డు పక్కన ఎవరైనా గుర్రాన్ని కట్టేసి పోతే, దాన్ని దేనికి కట్టారో దానికే నోటీసు అంటించాలి. "నాలుగు రోజుల్లో ఎవరూ రాకపోతే ఈ గుర్రం మాది" అని. ఆ నాలుగు రోజులూ గుర్రం ఉన్నచోటే ఉండాలి. చోటు మారిందా, నోటీసు చెల్లదు. మళ్లీ మొదటికే.

ఈ రూలు రాసిన మహానుభావుడు మన గోధుమరంగు గుర్రాన్ని చూసి ఉండడు.

నిజం చెప్పాలంటే చాలా బుద్ధిమంతురాలు. తాడు తెంపదు, కొయ్య పీకదు, ఎవరినీ తన్నదు. కాకపోతే దాన్ని దేనికి కడితే అది దాని వెంట వస్తుంది. మొదట ఎవరో కిలోమీటరు రాయికి కట్టారు. గడ్డి మేసుకుంటూ మేసుకుంటూ రాయితో సహా వంతెన దాకా వెళ్లింది. ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుందని నమ్మిన లారీవాళ్లు ఊరి నడిబొడ్డున సడన్ బ్రేకులు కొట్టారు. తర్వాత బస్‌స్టాపుకి కట్టారు. రేకుల కప్పూ, బెంచీ, బెంచీ మీద ముగ్గురు ముసలాళ్లూ, అంతా కలిసి అవతలి మలుపు దాకా వెళ్లారు. ముసలాళ్లు లేవనైనా లేవలేదు. ఇక్కడ గాలి బాగుందన్నారు.

ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. గుర్రమన్నాక ఏదో ఒక అలవాటు ఉంటుంది. జనం గోలల్లా ట్రాఫిక్ గురించే. మొన్న దాన్ని తప్పించబోయి పాలవ్యాను కాలవలో దిగబడింది. ఆ దెబ్బకి పై అధికారి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, దాని కింద ఎవడైనా పడి చస్తే గానీ కదలవా?"

"నోటీసు అంటిస్తూనే ఉన్నాను సార్. అంటించినవన్నీ అదే తీసుకుపోతోంది."

"అవన్నీ నాకొద్దు. గుర్రం సంగతి నువ్వు తేల్చు, నీ బదిలీ సంగతి నేను తేలుస్తా."

బదిలీ అన్న మాటకి నోటీసుబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆరేళ్లుగా అడుగుతున్నాడు మరి. భార్య ఎనభై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో నర్సు. కూతురు అక్కడే పుట్టింది, అక్కడే రెండో తరగతికొచ్చింది. ఈయన వారానికోసారి బస్సెక్కి వెళ్తాడు, సాయంత్రం బస్సుకి తిరిగొస్తాడు. మొన్న బళ్లో ఇంటిల్లిపాదినీ గీయమంటే ఆ పిల్ల ముగ్గురిని గీసి, కింద "అమ్మ, నేను, ఆదివారం నాన్న" అని రాసింది. వాళ్లావిడ టీచరుని అడిగి ఆ బొమ్మ ఇంటికి తెచ్చింది. దాన్ని చూసిన రోజు ఆయనకి బస్సులో ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని పక్కాయనకి చెప్పాడు.

అప్పటికి గుర్రాన్ని "నెమ్మదిగా వెళ్లండి" అనే బోర్డుకి కట్టి ఉన్నారు. ఆయన దానికి నోటీసు అంటించి, బుర్ర గోక్కున్నాడు. గుర్రం నడిచేది ఎందుకు? గడ్డి కోసం. గడ్డే దాని దగ్గరికొస్తే? అంతే, మడతకుర్చీ వేసుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు. పొద్దున కొడవలి పట్టుకుని కోయడం, మోపు తెచ్చి దాని ముందు పడేయడం, అది మేస్తుంటే కబుర్లు చెప్పడం. వెనకనుంచి వెళ్తే బెదురుతుంది కాబట్టి పక్కనుంచి, చిన్నగా దగ్గుతూ వెళ్లేవాడు. లారీ హారన్ కొడితే చెవులు నిక్కబొడుచుకునేది. అప్పుడు మెడ నిమిరేవాడు.

"మా ఆవిడకి నీలాగే ఓర్పు ఎక్కువ తల్లీ," అనేవాడు. "నీలాగే ఎప్పుడో ఒకసారి ముక్కు చీదుతుంది, అంతే."

మూడో రోజు కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, గుర్రం ఏం తింటుంది?"

"గడ్డేనమ్మా. కోసి కోసి నా నడుం పడిపోయింది."

"అయితే ఇక్కడికి తీసుకురా! ఆసుపత్రి వెనకాల నా అంత ఎత్తు పెరిగింది. కోసేవాళ్లు లేరని అమ్మ రోజూ తిడుతోంది."

"నువ్వే చెప్పు దానికి," అని ఆయన ఫోన్ గుర్రం చెవి దగ్గర పెట్టాడు. ఆ పిల్ల దారి కూడా చెప్పింది. పెద్దరోడ్డు మీద తిన్నగా రావాలట, నీళ్లట్యాంకు దగ్గర ఎడమకి తిరగాలట.

నాలుగు రోజులూ గడిచాయి. ఎవరూ రాలేదు. ఐదోనాడు నోటీసుబాబు బోర్డు నుంచి తాడు విప్పి, బకెట్లో దాణా గలగలలాడిస్తూ గుర్రాన్ని ఆఫీసుకి తీసుకొచ్చాడు. పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని ఫోన్ చేశాడు.

"సార్, గుర్రం దొరికింది. మరి నా బదిలీ..."

"శభాష్! ఇంత పనిమంతుణ్ణి ఎలా వదులుకుంటానయ్యా? పిచ్చివాణ్ణా?"

నోటీసుబాబుకి నోట్లో ముద్ద లాక్కున్నట్టయింది. "పశువుల దొడ్డి గేటు విరిగిపోయింది సార్, దీన్ని ఎక్కడ కట్టమంటారు?" అన్నాడు.

"ఆఫీసు స్తంభానికి కట్టెయ్."

"సార్, ఈ గుర్రం..."

"ఎదురు చెప్పకు! ఆఫీసు ఎక్కడికి పోతుందయ్యా? ఆర్డరు పంపుతున్నా చూసుకో. గుర్రాన్నీ ఆఫీసునీ వదిలి నువ్వు అంగుళం కదలడానికి వీల్లేదు."

ఆర్డరు వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు, పిన్నికి వినిపించాడు.

"ఆర్డరు ఆర్డరే కదా బాబూ," అంది పిన్ని, చీపురు పక్కన పెట్టి.

"ఆర్డరే పిన్నీ."

వరండా స్తంభానికి రెండు ముళ్లేసి కట్టాడు. మూడో ముడి మాత్రం తన కోసం వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గుర్రం తల విదిలించి బయల్దేరింది. ఆఫీసు గోడలు ఒకసారి ఒళ్లు విరుచుకుని దాని వెనకే నడిచాయి. బీరువాలో ఫైళ్లు పక్కకి ఒరిగాయి, మళ్లీ సర్దుకున్నాయి. పశువు రోడ్డు మీద ఉంటే ముందొక మనిషి ఎర్రగుడ్డ పట్టుకోవాలని రూలు ఉంది కాబట్టి పిన్ని టేబులు మీది గుడ్డ తీసుకుని ముందు నడిచింది. లారీవాళ్లు హారన్ కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయారు. దారిలో ఒకావిడ మేకలు పోయాయని కిటికీలోంచి ఫిర్యాదు ఇచ్చింది. ఆయన రసీదు ఇచ్చేసరికి ఆవిడ అర కిలోమీటరు నడవాల్సి వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం పిన్ని చెల్లెలి ఊరొచ్చింది. "నేనిక్కడ ఆగిపోతా బాబూ, ఎటూ వచ్చే నెల రిటైరే కదా," అని గుడ్డని వరండా రేకుకి కట్టేసి, రోడ్డు పక్కన నిలబడి చెయ్యూపింది.

మూడో రోజు పై అధికారి ఫోన్. "ఆఫీసు దగ్గరకొచ్చా, ఖాళీ స్థలం ఉంది! ఎక్కడున్నావయ్యా?"

"ఆఫీసులోనే ఉన్నాను సార్. అంగుళం కదల్లేదు. కుర్చీలోంచి కూడా లేవలేదు."

నాలుగో రోజు, మంగళవారం, నీళ్లట్యాంకు దగ్గర గుర్రం ఎడమకి తిరిగింది. ఆసుపత్రి వెనక గడ్డి చూసి ఆగింది. దాంతోపాటు ఆఫీసూ ఆగింది. డ్యూటీ దిగి వస్తున్న ఆయన భార్య వరండా మీది మొగుణ్ణి కింద నుంచి పైకి చూసింది.

"వచ్చారా? తిన్నారా? ముందు ఆ ఆఫీసు కాస్త అటు జరపమనండి, అంబులెన్సుకి అడ్డమొస్తోంది."

అని ఒకసారి ముక్కు చీదింది. ఆయనకి తెలిసిపోయింది.

పై అధికారి ఊరుకుంటాడా? ఆఫీసును వెనక్కి రప్పించాలని ఆ రోజే కాగితం పెట్టాడు. కట్టడాన్ని చోటు మార్చాలంటే తొమ్మిది సంతకాలు కావాలి. మొదటి సంతకం, ఆరేళ్లుగా నోటీసుబాబు బదిలీ కాగితం పడి ఉన్న టేబులు మీదే పెట్టాలి. కొత్త కాగితం వెళ్లి పాత కాగితం మీద పడుకుంది.

సాయంత్రం నాలుగింటికి కూతురు బడి సంచీతో వచ్చి వరండా ముందు ఆగిపోయింది.

"నాన్నా, ఇవాళ ఆదివారమా?"

"కాదమ్మా. మంగళవారం."

"మరి రేపు?"

"రేపు బుధవారం. ఆఫీసు ఉంటుంది కదా, ఇక్కడే ఉంటాను."

ఆ పిల్ల నమ్మలేదు. పాపం, ఎలా నమ్ముతుంది? పలక మీద లెక్కల్లా ఆదివారాలే లెక్కపెట్టుకుని పెరిగిన పిల్ల. గుర్రాన్ని చూసింది, స్తంభానికున్న మూడు ముళ్లు చూసింది. లోపలికెళ్లి నాన్న టేబులు మీద కాగితం తీసుకుని, నాలుక బయటపెట్టి ఒత్తి ఒత్తి ఏదో రాసింది. జిగురు డబ్బా కూడా తనే వెతుక్కుంది. వచ్చి ఆ కాగితాన్ని ఆయన చొక్కా మీద, సరిగ్గా గుండె మీద అంటించింది.

"నాలుగు రోజుల్లో ఎవరూ రాకపోతే ఈ నాన్న మావాడు."

రూలు ఆయనకి తెలియంది కాదు. నోటీసు పడ్డాక కదలకూడదు. నాలుగు రోజులు ఆ ఊరు దాటలేదు. రోడ్డు మీద ఏ జీపు ఆగినా చొక్కా మీద చెయ్యేసుకుని చూశాడు.

ఎవరూ రాలేదు.