ఎండ కరెంటుతో శివాజీ పోరాటం

ఇవాళ కూడా దోసెల పిండి పొంగలేదు, నిన్న రుబ్బింది గిన్నె అడుగున మొండికేసుకుని కూర్చుంది, గ్రైండరుకి ఎండ కరెంటు పడదని శివాజీ నెల రోజులుగా మొత్తుకుంటున్నా ఇంట్లో వినేవాళ్ళేరీ, వార్డు సచివాలయం వరండాలో లైన్లో నిలబడితే ఆ గట్టి దోసె కడుపులో ఇటుకలా కదులుతోంది, ముందు ఇంకా ఐదుగురు, పలాస కాశీబుగ్గ మొత్తానికి కరెంటు ఆఫీసువాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఎండ కరెంటు, గాలి కరెంటు పెట్టేశారు, వద్దన్నవాళ్ళే కాగితం రాసివ్వాలట, ఇవాళే ఆఖరు, పెళ్ళి చేసేసి పిల్ల నచ్చకపోతే దరఖాస్తు పెట్టుకోమన్నట్టుంది, ఒక్క మాట అడిగారా, ఇరవై రెండేళ్ళుగా జీడిపప్పు యూనిట్లో గ్రేడింగు చేస్తున్నవాడు, కళ్ళు మూసుకుని వేలితో తాకి ఇది గుండు, ఇది బద్ద అని చెప్పేవాడు, వాడికి కల్తీ తెలియదా, మబ్బు పట్టిన మంగళవారం టీవీలో మనుషులు పాలిపోయారు, గాలి ఆగిన రోజు మిక్సీ మూలిగింది, ఇస్త్రీ చేసినా చొక్కా మడత పోలేదు, జగదాంబ గరిటె పట్టుకుని, ఏటయ్యా నీ గోల, మినప్పప్పు పాతది, కరెంటేటి సేత్తాది అంది, భార్యకి టెక్నికల్ విషయాలేం తెలుస్తాయని వీధిలో వాళ్ళకి చెప్పాడు, వీధి విన్నది, నువ్వు సెప్పినావంటే గ్రేడు సెప్పినట్టే బావా అన్నాడు పక్కింటి హరిబాబు, నలభై ఇళ్ళవాళ్ళు వద్దని సంతకాలు పెట్టి కట్ట చేతికిచ్చారు, వాళ్ళలో ముసలి అప్పలనరసమ్మ ఒక్కర్తే, భావనపాడు సముద్రం గాలి ఊరికే పోతాదనుకున్నాను నాయనా, కరెంటవుతాదంటే బాగుంది కదా అని నసిగింది, నీకు తెలీదు ఊరుకో అంటే పాపం వేలిముద్ర వేసింది.

అతని వంతు రాగానే కౌంటర్లో అమ్మాయి భారతి కంప్యూటర్లో మీటరు నంబరు కొట్టి, మీకు పాత బొగ్గు కరెంటే వత్తంది బాబాయ్, మొదటిరోజే పిన్ని వద్దని సంతకం పెట్టీసినారు కదా అంది, పిన్నా, ఎప్పుడు, అవును, ఆ రోజు పేపర్లోంచి తల ఎత్తకుండా తనే జగదాంబతో అన్నాడు, ఎవడో ఏదో అమ్మడానికొచ్చుంటాడు, ఏ కాగితమైనా వద్దని రాసి పంపీ అని, అంటే టీవీలో మనుషులు బొగ్గు కరెంటుతోనే పాలిపోయారు, మిక్సీ బొగ్గు కరెంటుతోనే మూలిగింది, ఈ నలభై ఎక్కించీమంటారా, ఎక్కిత్తే ఏడాది దాకా మారదు అంటోంది భారతి, ఏటి బావా, నిద్దరోతన్నావా, ఇచ్చీ, అని వెనకనుంచి హరిబాబు పొడుస్తున్నాడు, ఇన్నాళ్ళూ ఉన్నది కరెంటులో కల్తీ కాదు, నన్నడగలేదన్న కడుపుమంట, ఆ మంటతో తిరుగుతూ తనూ నలభై ఇళ్ళలో ఒక్కర్నీ అడగలేదు, నోరు విప్పిందొక్కర్తే ముసలామె, ఆమెనీ నోరు మూయించాడు.

అయ్యా, అమ్మా, చదువుతున్నవాళ్ళెవరికైనా ఏదైనా తోస్తే చెప్పండి, నిజం చెప్పేస్తే రేపట్నుంచి అతను గుండన్న పప్పుని యూనిట్లో తిరగేసి చూస్తారు, చెప్పకపోతే అప్పలనరసమ్మ వేలిముద్ర ఏడాదిపాటు అతని గొంతులో అడ్డం, భారతి చెయ్యి చాపింది, కట్ట ఒక కొస ఆమె చేతిలో ఉంది, రెండో కొస అతను వదలడం లేదు, లైన్లో తోపులాట మొదలైంది, కాస్త తొందరగా చెప్పండి బాబూ.