నెనిటా పాలు

ఇలోయిలో నగరంలోని పెద్దాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లులంతా ఒకే గదిలో కూర్చుని పాలు పిండేవారు. రోవేనాకు ఆ గదంటే ఒళ్ళుమంట. ఆమె ఎంత తంటాలు పడ్డా సీసా అడుగు తడిసేదంతే. పక్క కుర్చీలో నెనిటా, బజారులో ఎండుచేపలు అమ్మే మనిషి, కబుర్లు చెబుతూనే సీసా నింపేసేది.

"మునగాకు వేసిన కోడిపులుసు తాగక్కా. మా అత్త నాకు కుండెడు పోస్తోంది."

"తాగుతూనే ఉన్నానే. ఒంటిమీద ఆకులు మొలవడమే తక్కువ."

నెనిటా పకపకా నవ్వేది. ఆ నవ్వు కూడా రోవేనాకు గిట్టేది కాదు.

రోవేనా కూతురు అమిహన్‌కు సన్నని గొట్టంతో పొట్టలోకి పాలు పట్టేవారు. తల్లిపాలు చాలక డబ్బాపాలు కలిపితే పొట్ట ఉబ్బి, పచ్చగా కక్కింది. పాలు ఆపేసి నరంలోకి పోషకాలు ఎక్కించారు.

"పేగులు ఇంకా లేతవమ్మా," అంది డాక్టరమ్మ. "మళ్ళీ మొదలుపెట్టాలంటే తల్లిపాలే మేలు. నీవి చాలకపోతే ఇంకో తల్లి ఇచ్చినవి కాచి పడతాం. సంతకం పెట్టు."

ఆ ఇంకో తల్లి ఎవరో వార్డంతటికీ తెలుసు. "కాస్త ఆగండి, నాకే పడతాయి," అంది రోవేనా.

ఇంతలో నెనిటా కొడుక్కి పేగు వాచి, మలంలో రక్తం పడింది. వాడికీ పాలు ఆపేశారు. ఆ మాట వినగానే రోవేనా కడుపు చల్లబడింది. 'అన్ని పాలుండి ఏం లాభం' అనుకుంది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

నెనిటా ఆ రోజూ పాలు పిండే గదికి వచ్చి సీసా నింపింది.

"నీ పిల్లకు ఇవి పట్టించవేం అక్కా? నామీద కోపమా?"

"కోపం కాదు. కుళ్ళు."

"దేన్ని చూసి?"

"ఆ సీసాని చూసి."

నెనిటా సీసాకి మూత బిగించింది. "తాగేవాడు నోరు కట్టుకుని పడుకున్నాడు. ఇంకేముంది ఇందులో కుళ్ళుకోడానికి?"

ఆ సాయంత్రమే రోవేనా సంతకం పెట్టింది. చుక్కచుక్కగా మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పొట్ట మెత్తబడింది, పసుపు రంగులో విరేచనమైంది. నర్సు గుడ్డ ఎత్తి చూపిస్తే నెనిటా చప్పట్లు కొట్టింది.

"చూశారా, నా పాలు!"

రోవేనా నవ్వింది గానీ, ఆ 'నా' ముల్లులా గుచ్చుకుంది. పిల్లను గుండెలకు కట్టుకున్న గుడ్డ ఇంకాస్త బిగించుకుంది.

అమిహన్ ఇంటికి వెళ్ళే రోజుకు నెనిటా కొడుక్కి అప్పుడప్పుడే చుక్కలు పడుతున్నారు. చెప్పి వెళదామని రోవేనా వస్తే నెనిటా తల తిప్పలేదు.

"వెళ్ళక్కా. పిల్లనెత్తుకుని మాత్రం ఇటు రాకు. చూడలేను."

రోవేనా పిల్లను ఎత్తుకుని, వెనక మెట్ల మీదుగా దిగిపోయింది.

వానాకాలం ముగిసేలోపు ఆ పిల్లవాడూ ఇల్లు చేరాడు. బజారులో కలిసినప్పుడు నెనిటా చేతులు కడుక్కుని అమిహన్‌ను ఎత్తుకుంది. కొత్త మనిషిని చూస్తే గుక్కపట్టే పిల్ల, కిక్కురుమనలేదు. రోవేనాకు చురుక్కుమంది. అయినా చేతులు చాపలేదు. నెనిటా తానై ఇచ్చేదాకా అక్కడే నిలబడింది.