పిక్క కొలత

రేపు ఇంటికి పంపిస్తామంటే ఏ పిల్లకైనా కాలు నిలుస్తుందా? బుడంకాయ మాత్రం మంచం దిగలేదు. పదేళ్ళ పిల్ల, రక్త క్యాన్సర్ వార్డులో చేరి నలభై రోజులైంది. తను ఇక్కడుండగానే ఇంట్లో చెల్లెలు పుట్టింది. దాని ఆవలింతలు ఫోనులో చూడటమే గానీ ఎత్తుకున్నది లేదు. తలగడను ఒళ్ళో పెట్టుకుని, మెడ కింద చెయ్యెలా వేయాలో రోజూ నేర్చుకునేది. చెల్లెలి కోసం బుడంకాయ కళ్ళు కాయలు కాచిపోయాయి.

తండ్రి దర్జీ. పోయిన వారం కొలతలు తీసి, పిన్నిని పిల్లకు తోడుంచి, ఊళ్ళో తన కొట్టుకెళ్ళి కొత్త ప్యాంటు కుట్టుకొచ్చాడు. ఇప్పుడు తొడగబోతే కుడికాలు పిక్క దగ్గర ఇరుక్కుంది. ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి, కొలత తప్పాడంటే ఎవరు నమ్ముతారు? టేపు వేశాడు. ఎడమ పిక్క పది అంగుళాలు, కుడిది పదకొండున్నర. చెయ్యి వేస్తే గట్టిగా, వెచ్చగా తగిలింది. పిల్ల కాలు వెనక్కి లాక్కుంది; గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

మూడు రోజులుగా నొప్పట. మొదటి రోజు నర్సుకు చెబితే, పడుకుని పడుకుని పట్టేసిందిలే అన్నారట. ఆ తర్వాత తనే దాచింది.

"చెప్పకు నాన్నా. చెబితే పంపరు."

డాక్టరమ్మ గది ముందు అతని కాళ్ళు ఆగిపోయాయి. ఒక్క రోజు ఇంట్లో ఉండొచ్చి చెబితే కొంప మునుగుతుందా అనుకున్నాడు. అతనికీ ఇంటి మీద బెంగే మరి, మనిషి కాదూ! అయినా తలుపు తట్టాడు.

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ విషయం చెప్పింది. క్యాన్సర్‌కు వేస్తున్న మాత్రలే అరుదుగా ఇలా కండరాలకు వాపు తెస్తాయట. తెలియక మింగుతూ పోతే కండ ఇంకా దెబ్బతినేదట. వాటిని కొన్నాళ్ళు ఆపి, వాపు తగ్గే మందిస్తారట. ఇంకో వారం ఇక్కడే.

బుడంకాయ గోడవైపు తిరిగింది. సాయంత్రం అటు తిరిగే అంది.

"నీకేం నాన్నా, ప్యాంటు కుట్టడానికి వెళ్ళినప్పుడు చెల్లెల్ని ఎత్తుకునే ఉంటావు."

"లేదమ్మా. గుమ్మం దగ్గరే బట్టల సంచీ అందుకుని వచ్చేశాను."

పిల్ల ఇటు తిరిగింది. "ఎందుకు?"

"నీకంటే ముందు ఎత్తుకుంటే ఊరుకుంటావా?"