ముక్కాలి పీట

ఆ ఇంట్లో తెల్లవారగానే పొయ్యి మీదికి ఎక్కేవి ఎండుగడ్డి నీళ్లు. మరిగి చల్లారాక పుష్పవతి వాటిని సీసాల్లో పోస్తుంది. తోట కాలవ నీళ్లు ఓ చుక్క కలిపితే కొన్నాళ్లకు అందులో కంటికి ఆనని ఏకకణ జీవులు పెరుగుతాయి. భర్త సీతారామాంజనేయులు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. సీసాలు ఆయనవి, చాకిరీ ఆమెది.

"మా ఇంట్లో ముందు పురుగులకి వంట, తర్వాత మనుషులకి," అంటుంది అత్తగారు కనకమ్మ. ఆ మాట కొడుకుతో అనదు.

పుష్పవతి పుట్టిల్లు రెడ్డిగూడెం. మామిడి చెట్టు కింద నిలబడి చెయ్యెత్తితే కాయ అందేది. "మా అమ్మాయికి కాయలు కోసే చిక్కం కర్రతో పనిలేదు," అని తండ్రి యలమంద మురిసిపోయేవాడు. ఆ ఎత్తే అత్తవారి ఊరు నూజివీడులో తప్పయింది. కొత్త దంపతుల్ని గుమ్మంలో పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఆడవాళ్లు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు. "బయట కాస్త వంగి, ఓ అడుగు వెనకగా నడు," అన్నాడు భర్త. వంగింది. ఆయన మీద కోపం రాలేదు, తన ఒంటి మీదే సిగ్గు పుట్టింది. చీర పొట్టిదై పాదాలు కనపడితే ఆ పాదాలను కూడా ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో, తోటలు పూత మీద ఉన్నప్పుడు, కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. ఆడవాళ్లకు చెప్పడానికి ఆడమనిషి కావలసి వచ్చింది. ఆయన ఆమెకు మాటలు నేర్పాడు. "నీళ్లలో మింగే జీవి ఉంటే చిన్నవి దానికి తిండైపోతాయి. ఒళ్లు పెద్దవీ, గుల్ల ఉన్నవీ మిగులుతాయి. మరో చోట మరో రకం ఒళ్లు పనికొస్తుంది. అలా విడిపోయి, తరాలు గడిచేసరికి వేరే జాతులవుతాయి." అంతా చెప్పి ముక్కాలి పీట చూపించాడు. "దీని మీద కూచో. ఎవరొచ్చినా లేవకు. నేను పక్కనే ఉంటాను."

ప్రిన్సిపాల్‌గారి భార్య వచ్చింది. పుష్పవతి లేవలేదు. "ఎంత పొగరు!" అన్న మాట వెనక నుంచి వినపడింది. చెవులు మండిపోయాయి.

తరవాత తండ్రి తోటలో కూలికి వచ్చే దుర్గ వచ్చింది. "అదేంటి అమ్మాయిగారూ, పెద్దోళ్లొచ్చినా లేవట్లేదు? కాళ్లకేమన్నా అయ్యిందా?"

పుష్పవతి భర్త వైపు చూసింది. ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

"నొప్పి, దుర్గా."

"అయ్యో నా తల్లే!" దుర్గ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే యలమంద బండి వాకిట్లో ఆగింది. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి ఉంది. కూతుర్ని పడుకోబెట్టి తీసుకుపోదామని వచ్చాడు.

"కాళ్లు పడిపోతే కబురన్నా చెయ్యరా, అల్లుడుగారూ?"

"పడిపోవడమేంటి అన్నయ్యగారూ! బద్ధకం," అంది కనకమ్మ.

"కాస్త నొప్పంతే, మావయ్యగారూ. తగ్గిపోతుంది," అన్నాడు అల్లుడు, నేల చూస్తూ.

వంటింట్లో పుష్పవతి పొయ్యి ముందు కూచుని ఉంది. తండ్రి ఆమె ముందు చతికిలబడి, వద్దంటున్నా వినకుండా పాదాలు ఒళ్లోకి తీసుకుని ఆముదం రాశాడు. "ఎక్కడమ్మా నొప్పి? ఇక్కడా?" ఆయన కన్నీళ్లు ఆమె పాదం మీద పడ్డాయి. ఇన్నాళ్లూ తన ఎత్తు చూసుకుని సిగ్గుపడింది. ఈ చేతుల కింద పడ్డ సిగ్గు ముందు అదెంత! ఏ కాళ్లను చూసి ఈయన మురిసిపోయాడో, ఆ కాళ్లు చచ్చుబడ్డాయని నమ్మించింది. ఎవరి కోసం?

లేచి నిటారుగా నిలబడింది. రోజూ వంగి తప్పించుకునే ఉట్టి తలకు తగిలి ఊగింది.

"కాళ్లు బాగానే ఉన్నాయి నాన్నా. నేను పక్కన నిలబడితే ఆయన పొట్టిగా కనపడతారని కూచోబెట్టారు. నొప్పని అబద్ధం చెప్పింది నేనే."

యలమంద ఆముదం సీసాకు బిరడా పెట్టాడు. "పద, ఇంటికి పోదాం."

"ఇవాళ కూడా ఎగ్జిబిషన్‌కి ఆడవాళ్లొస్తారు నాన్నా. సాయంత్రం వస్తాను." భర్త వైపు తిరిగింది. "ఆ గడ్డి నీళ్లు చల్లారాక మీరే పోసుకోండి."

కాలేజీలో ఆమె బల్ల పక్కన నిలబడింది. ప్రిన్సిపాల్‌గారి భార్య మళ్లీ వచ్చి, తలెత్తి చూసింది.

"నీళ్లలో మింగేది ఉన్నా సరే, ఒళ్లు పెద్దవి దాని నోట పట్టవండీ," అంది పుష్పవతి.

అప్పుడే సీతారామాంజనేయులు లోపలికి వచ్చాడు. భార్యను చూశాడు, వచ్చిన వాళ్లను చూశాడు. ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని కూచున్నాడు.